వానపాములూ, ఇరవైమూడు ఇళ్లూ

భద్రాచలం వైపు వెళ్లొచ్చినవాళ్లు రాముడి గురించి రాస్తారు, గోదావరి గురించి రాస్తారు. నేను నాలుగు రోజులు అటు తిరిగొచ్చాను గానీ గుడి మెట్లెక్కలేదు, గోదాట్లో కాలు పెట్టలేదు. నేను వెళ్లింది వానపాముల కోసం. మా వాళ్లలో ఈ మాట నమ్మినవాళ్లు తక్కువ. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బయల్దేరక ముందు

నరసరావుపేట దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను జంతుశాస్త్రం చెబుతాను. బీటీ పత్తి కొత్తగా వచ్చిన రోజులవి. ఆ కార్తీకమాసంలో మా కాలేజీకి తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. పిల్లలు వానపామును కోసి లోపలి భాగాలు చూపిస్తుంటే వాళ్లు పక్కన నిలబడి చూస్తారట. అది సరిగా జరక్కపోతే గ్రూపు తీసేస్తారనీ, గ్రూపు పోతే నేనూ పోతాననీ ప్రిన్సిపాలుగారు ఒకే వాక్యంలో చెప్పేశారు. ఏటా మాకు వానపాముల్ని సీసాలో పంపే దుకాణదారు ఆ వ్యాపారం మానేసి సెల్‌ఫోన్లు అమ్ముకుంటున్నాడు.

వానపాములే కదా, ఏ గట్టు తవ్వినా దొరుకుతాయనుకున్నాను. నేనూ, మా ల్యాబ్ అటెండరు కోటయ్యా పార భుజాన వేసుకుని ఊరి చుట్టూ పత్తి చేలల్లో, మిరప తోటల్లో ఏడు చోట్ల తవ్వాం. ఒక తుప్పు పట్టిన చెంచా దొరికింది. పురుగుమందు డబ్బా మూతలు బోలెడు దొరికాయి. వానపాము ఒక్కటీ లేదు. చివరికి మా ఆవిడ పేరున ఉన్న మూడెకరాలకు కూడా వెళ్లాం. ఆ చేను కౌలుకు చేసే వెంకట్రావు మమ్మల్ని చూసి, "వానపాములా సార్? చిన్నప్పుడు చూసేవాణ్ణండీ," అన్నాడు, ఏదో పాత నాటకం గురించి చెబుతున్నట్టు. అతనికి ముప్పై అయిదేళ్లుంటాయి.

వానపాము తెచ్చినవాళ్లకు అయిదు మార్కులు వేస్తానని క్లాసులో ప్రకటించాను. మర్నాడు ఒక కుర్రాడు టిఫిన్ బాక్సులో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. సన్నగా, గోధుమరంగులో మెలికలు తిరుగుతోంది. సంతోషంగా వంగి చూశాను. అది నాలుక బయటపెట్టింది. గుడ్డిపాము. మార్కులు మాత్రం అడిగి వేయించుకున్నాడు.

అప్పుడు కొత్తగూడెంలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు ఫోన్లో చెప్పాడు. పాల్వంచ దాటాక అడవి అంచున ఒక చిన్న ఊరుందట, జీడిచెలక గుంపు అంటారట. మూడేళ్లుగా ఆ ఊళ్లో ఎవరూ పురుగుమందు కొట్టడం లేదట. "పార వేస్తే వానపాములే సార్, వేలు లావున," అన్నాడు. బయల్దేరాం.

ప్యాసింజరు బండి

కోటయ్య నాకన్నా పదేళ్లు పెద్ద, రిటైర్మెంటు దగ్గర్లో ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా కప్పల్ని, బొద్దింకల్ని సీసాల్లో పెట్టిన అనుభవం ఆయనది. ముందుజాగ్రత్తగా ల్యాబ్ నుంచి అయిదు లీటర్ల క్యాన్‌లో ఫార్మలిన్ తెచ్చాడు. చచ్చిన జీవుల్ని కుళ్లకుండా ఉంచే మందు అది. ఘాటైన వాసన. విజయవాడలో ప్యాసింజరు ఎక్కి, మధిర దాటేసరికి పెట్టె పెట్టెంతా కళ్లు తుడుచుకుంటోంది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ మా ఇద్దరి ఎర్రటి కళ్లు చూసి జాలిపడింది.

"ఎవరన్నా పోయారా నాయనా?"

"ఇంకా లేదమ్మా," అన్నాడు కోటయ్య. "పొయ్యాక పెట్టడానికి తీసుకెళ్తన్నాం."

ఆవిడ తన మూట తీసుకుని పక్క వరసలోకి వెళ్లిపోయింది. ఖమ్మం వచ్చేసరికి మా చుట్టూ ఎనిమిది సీట్లు ఖాళీ. ఇద్దరం కాళ్లు చాపుకుని పడుకున్నాం. సెకండు క్లాసు టిక్కెట్టుకి ఇంతకన్నా సుఖం ఉండదు.

బండి ఆఖరి స్టేషన్ బోర్డు మీద 'భద్రాచలం రోడ్' అని ఉంటుంది. కోటయ్య ప్లాట్‌ఫారం మీద దిగి, గోపురం ఎటుందో తెలియక నాలుగు దిక్కులకూ దండం పెట్టాడు. అది కొత్తగూడెం. భద్రాచలం ఇంకా బస్సులో గంట పైన. "మరి ఈ పేరెందుకు పెట్టారండీ?" అని ఆయన ఒక కూలీని అడిగితే, "రోడ్డు పోతది గదా సార్, గందుకు," అన్నాడతను. నోట్లో గుట్కా కూడా తియ్యకుండా ఇచ్చిన జవాబే అయినా దానికి తిరుగులేదు.

కొత్తగూడెం బొగ్గు ఊరు. తెల్లచొక్కాతో దిగినవాణ్ణి సాయంత్రానికి బూడిదరంగు చొక్కాతో తిరుగుతున్నాను. స్టేషన్ బయట హోటల్లో ప్లేటు ఇడ్లీ అయిదు రూపాయలు, టీ రెండు. మా ఊళ్లో చట్నీ మళ్లీ అడిగితే చూపు మారుతుంది. ఇక్కడ అడక్కుండానే బకెట్టుతో వచ్చి పోశాడు. షిఫ్టు దిగిన గని కార్మికులు చుట్టూ కూర్చుని తింటున్నారు. మేం వానపాముల కోసం వచ్చామని తెలిసి ఒకాయన, "మేము నలభై ఏండ్ల సంది భూమి లోపల్నే ఉంటున్నం సార్, ఒక్కటి గూడ కనిపియ్యలే," అన్నాడు. బల్లంతా నవ్వారు.

జీడిచెలక గుంపు

రెండో రోజు పొద్దున బస్సు దిగి, టేకు చెట్ల మధ్య మట్టిదారిలో మూడు మైళ్లు నడిచాం. ఊరి మొదట్లో ఒక రేకు బోర్డు, సున్నంతో చేత్తో రాసింది: 'మా ఊర్ల మందు లేదు. మందు అమ్మెటోళ్లు రావద్దు.'

కోటయ్య ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. క్యాన్ మోసి అలిసిపోయి ఉన్నాడు, సాయంత్రానికి ఏదైనా దొరుకుతుందని ఆశపెట్టుకున్నాడు. "ఇంత అడవిలో కూడా నిషేధమేనాండీ?" అన్నాడు దిగులుగా. అది పురుగుమందు సంగతని చెప్పాను. నమ్మలేదు. ఆ సాయంత్రం ఎవరో జీలుగు కల్లు తెచ్చి దొప్పలో పోసినప్పుడు గానీ ఆయనకు నా మాట మీద నమ్మకం కుదరలేదు.

ఇరవైమూడు ఇళ్ల ఊరు. కోయవాళ్లు. వాళ్లలో వాళ్లు కోయభాషలో మాట్లాడుకుంటారు, మాతో తెలుగులో. సమ్మక్క అనే ఆవిడ మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టింది. యాభై ఏళ్లుంటాయి. ఆడవాళ్ల సంఘానికి పెద్ద. బోర్డు రాయించింది ఆవిడే. ఆవిడ భర్త ముత్తయ్య మాకు టీ తెచ్చాడు. రెండు చేతులతో గ్లాసు పట్టుకున్నా చేతులు వణికి సగం సాసర్లోకి ఒలికింది.

"మూడేండ్ల కింద పత్తి చేన్ల మందు కొట్టుకుంట పడిపోయిండు," అంది సమ్మక్క, ఆయన్ను చూపిస్తూ. "మంచం మీద మోస్కపోయినం దవాఖానాకు. బతికిండు గని చేతులు గిట్లయినయి. ఆ ఏడే బందుపెట్టినం."

మానేశాక మొదటి ఏడు పంట సగానికి పడిపోయిందట. వేపగింజలు దంచారు, పచ్చిమిరపకాయలూ వెల్లుల్లీ నూరి నీళ్లలో కలిపి కొట్టారు, పురుగుల్ని చేత్తో ఏరారు. రెండో ఏడు పిట్టలొచ్చాయి. మూడో ఏడు వానపాములొచ్చాయి. ఆవిడ మమ్మల్ని తన కూరగాయల మడికి తీసుకెళ్లి, నీటి బోదె పక్కన గునపంతో ఒక్క పెళ్ల లేపింది. కింద కనీసం అరడజను వానపాములు, నల్లటి మట్టిలో తళతళలాడుతూ. నేను గురువుల దగ్గర పాఠం విన్నప్పుడు కూడా అంత ఆనందపడలేదు.

"ఎందుకు సార్ మీకు?" అంది. "మీ చేన్ల ఏసుకుంటరా?"

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. "కొయ్యడానికమ్మా," అన్నాను. "పిల్లలు కోసి లోపల ఎట్లా ఉంటుందో నేర్చుకుంటారు."

ఆవిడ గునపం ఆనుకుని కాసేపు నా మొహంలోకి చూసింది. "మేము మూడేండ్లు ఎదురుసూస్తే వచ్చినయి సార్ ఇవి. మీరు కోస్తరా?"

తనొక్కతే చెప్పలేనంది. పొద్దుగూకాక, పత్తి ఏరడానికి వెళ్లిన అందరూ వచ్చాక కూర్చుని మాట్లాడారు. కోయభాషలో గంటసేపు వాదించుకున్నారు. నాకు అర్థమైంది ఒక్క 'సార్' అనే మాటే. అది వచ్చినప్పుడల్లా అందరూ నా వైపు తిరిగి చూసేవారు. చివరికి రేపు చెబుతామన్నారు. అన్నంలోకి బొబ్బర్ల కూర, ఎండుచేపల పులుసు పెట్టి, బడి వరండాలో పడుకోమన్నారు. మా ఊళ్లో అయితే ఇంటికొచ్చిన కొత్తవాణ్ణి ముందు కులం అడుగుతారు, తరవాత కూర అడుగుతారు. ఇక్కడ ఎవరూ ఏమీ అడగలేదు, వడ్డించారు.

బోదె దగ్గర

మూడో రోజు పొద్దున్నే నాకు కంగారు పుట్టింది. తనిఖీ ఇంకా రెండు రోజులే ఉంది. వీళ్లేమో పత్తికి వెళ్లిపోతున్నారు. "ఏదో ఒకటి చూడు కోటయ్యా," అన్నాను. "ఇవాళ మధ్యాహ్నం బస్సు తప్పితే మన పని అయిపోయినట్టే."

ఏం చూడమన్నానో నాకే తెలియదు. కోటయ్యకు తెలిసింది. ఫార్మలిన్‌ను బాగా పలచన చేసి నేల మీద పోస్తే ఆ ఘాటుకు వానపాములు తమంతట తామే పైకి వస్తాయని ఆయనకు ఎప్పుడో చెప్పింది నేనే. ఆయన క్యాన్ పట్టుకుని సమ్మక్క మడి దగ్గరికి వెళ్లాడు. చెంచాడు కలపాల్సిన చోట చెంబెడు కలిపాడు. ముప్పై నాలుగు బయటికొచ్చాయి. వాటిని సీసాలో వేసుకుని, కలిపినదాంట్లో మిగిలింది బోదెలో పారబోసి, బడికి వచ్చి మొహం కడుక్కున్నాడు. నాకేమీ చెప్పలేదు. నేను అప్పుడు సీతాఫలం తింటున్నాను.

గంట తరవాత ఊళ్లో కేకలు. వెళ్లి చూస్తే బోదె పొడవునా వానపాములు పైకొచ్చి మెలికలు తిరుగుతున్నాయి. చాలావరకు చచ్చిపోయాయి. జనం చుట్టూ మూగి ఉన్నారు. మళ్లీ కోయభాష. ఈసారి నాకు తెలిసిన మాట ఇంకొకటుంది: మందు.

ఆ మడికి ఆనుకుని ఉన్న పత్తి చేను లక్ష్మయ్యది. మందులు మానకముందు పాల్వంచ షాపు నుంచి ఊరందరికీ డబ్బాలు తెచ్చిపెట్టింది ఆయనే. అందరికన్నా ఆఖర్న మానింది కూడా ఆయనే. ఇంక ఎవరూ ఏమీ ఆలోచించలేదు. లక్ష్మయ్యను చేలోంచి పిలుచుకొచ్చారు. నలభై అయిదేళ్ల మనిషి, నడుముకు పత్తి ఏరే గుడ్డసంచితోనే వచ్చి నిలబడ్డాడు.

"నేను పొయ్యలే," అన్నాడు.

ఇద్దరు మగవాళ్లు ఆయన ఇంటికి వెళ్లి మందు కొట్టే స్ప్రేయర్ పట్టుకొచ్చారు. సాక్ష్యం దొరికిందని అందరూ లేచారు. చూస్తే దాని ట్యాంకు మీది పల్లంలో గడ్డి, గడ్డిలో కోడిగుడ్లు. పొదుగుతున్న కోడి అరుచుకుంటూ వెనకే వచ్చింది. రెండు గుడ్లు దారిలో పగిలాయి. మూడేళ్లుగా ఆ స్ప్రేయర్ని ముట్టుకున్నది కోడి ఒక్కటేనని ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఒకాయన, "చెంబుతోని పోసి ఉండొచ్చు," అన్నాడు. అదీ నిజమే కదా అన్నారు మిగతావాళ్లు.

అప్పుడు సమ్మక్క నన్ను చూసింది. "సార్ పాములను కోసేటోడు. కోసి చెప్తడు, ఏం మందు తాగి సచ్చినయో."

నా జీవితంలో మొదటి పోస్టుమార్టం అది. బల్ల లేదు, ట్రే లేదు. సగం గుమ్మడికాయ బోర్లించి, దాని మీద వానపామును పరిచి గుండుసూదులు గుచ్చాను. ఊరంతా నా నెత్తి మీదికి వంగింది. కత్తెర పెట్టి చీల్చాను. వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. ఇరవై ఏళ్లుగా నాకు అన్నం పెట్టిన వాసన.

తలెత్తి చూశాను. జనం వెనకాల కోటయ్య తువ్వాలు కింద ఏదో దాచుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు.

ఇక్కడ నేను చేసిన పని రాయడానికి మనసొప్పదు గానీ రాయాలి. నేను వెంటనే చెప్పలేదు. పాఠం మొదలుపెట్టాను. "ఇది అన్నవాహిక. ఇందులో ఉన్నది మట్టి. ఇదిగో ఇవి గుండెలు, నాలుగు జతలు," అంటూ సాగదీశాను. ఏదో ఒక దారి దొరుకుతుందని.

"ఎనిమిది గుండెలా?" అన్నాడు ముత్తయ్య. "ఎనిమిది ఉండి గూడ సచ్చిందా?"

నవ్వుతున్నాడేమోనని చూశాను. నవ్వడం లేదు. వణికే చేతుల్ని మోకాళ్ల మధ్య పెట్టుకుని దాని వంకే చూస్తున్నాడు. ఆయన వెనక లక్ష్మయ్య, పక్కన ఎవరూ నిలబడని మనిషి, నడుము సంచి విప్పుకోవడం కూడా మరిచిపోయి నా నోటివైపు చూస్తున్నాడు.

కత్తెర కింద పెట్టాను. "లక్ష్మయ్య కాదు," అన్నాను. "మందు మాది. మా మనిషి పోశాడు. పొయ్యడం నేర్పింది నేను. ఇందాక తొందరపెట్టిందీ నేనే."

ఇరవైమూడు ఇళ్లు

కొడతారనుకున్నాను. కోటయ్య అప్పటికే చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. ఎవరూ చెయ్యెత్తలేదు. సమ్మక్క అందరితో ఏదో మాట్లాడి మా వైపు తిరిగింది.

"ఊర్ల మందు పోసినోడు ఇంటింటికి పోయి నేనే పోసిన అని చెప్పాలె. అదే మా కట్టుబాటు."

"జరిమానా కడతామమ్మా," అన్నాను.

"జరిమానా గడితే మర్సిపోతరు."

కోటయ్య ముందుకొచ్చాడు. "అందరూ ఇక్కడే ఉన్నారు కదండీ. ఇప్పుడే చెప్పేశాంగా. మళ్లీ ఇళ్లకెందుకు?"

"ఇక్కడ ఊరికి చెప్పిన్రు," అంది సమ్మక్క. "ఇండ్లకు చెప్పలే."

మొదటి ఇల్లు ఆవిడదే. అప్పటిదాకా మాతో మాట్లాడిన మనిషి గబగబా ముందు నడిచి ఇంట్లోకి వెళ్లి, మేం గుమ్మం ముందు నిలబడ్డాక కొత్తగా చూస్తున్నట్టు బయటికొచ్చింది. "మీ బోదెలో మందు పోసింది మేమే," అన్నాను. ఆవిడ తలూపింది. ముత్తయ్య టీ తెచ్చాడు. ఒలికింది. ఈసారి నేను ఆ సాసర్లోది కూడా తాగాను.

ఎవరు వచ్చినా, ఎందుకొచ్చినా వాకిట్లోంచి వట్టి నోటితో పంపకూడదనేది ఆ ఊరి రెండో కట్టుబాటు. ఆ సంగతి మాకు మూడో ఇంట్లో అర్థమైంది. చెప్పాం, బెల్లం టీ ఇచ్చారు. చెప్పాం, జొన్న అంబలి పోశారు. చెప్పాం, వేయించిన ఇప్పపువ్వు దోసిట్లో పెట్టారు. ఒక ఇంట్లో ముసలాయనకు చెవుడు. నాలుగుసార్లు అరిచి చెప్పాను, నేనే పోశానని. ఆయన సంతోషంగా విని, పోసినందుకు మెచ్చుకుని, కల్లు పోశాడు. కోడలు వచ్చి అసలు సంగతి చెబితే కోపం తెచ్చుకున్నాడు గానీ కల్లు వెనక్కి తీసుకోలేదు. పదకొండో ఇంటికి కోటయ్య నడుము తాడు వదులు చేసుకున్నాడు. పద్నాలుగో ఇంటి ముందు నా చెవిలో, "సార్, ఇంతకన్నా కొట్టినా బాగుండేది," అన్నాడు.

కొందరు ప్రశ్నలు అడిగారు. మళ్లీ వస్తాయా వానపాములు అని ఒక ముసలమ్మ అడిగింది. వానలకు మందు కొట్టుకుపోతే వస్తాయమ్మా అన్నాను. ఎప్పుడంది. తెలియదన్నాను. అంత చదువుకుని తెలియదంటే ఆవిడకు ఆశ్చర్యం వేసింది.

ఇరవై మూడో ఇల్లు లక్ష్మయ్యది. పగిలిన గుడ్ల దగ్గర కోడి ఇంకా తిరుగుతోంది. ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు. "మేమే పోశాం లక్ష్మయ్యా," అన్నాను. అన్ని ఇళ్లలో చెప్పీ చెప్పీ తేలికైపోయిన మాట అక్కడ మళ్లీ బరువెక్కింది.

"అవ్, ఇన్న," అన్నాడు. లేవలేదు. ఏమీ పెట్టలేదు. కోడి వైపు చూస్తూ అన్నాడు: "సార్, పోసినోళ్లు మీరు. మీకు ఇంటింట్ల తాగబెట్టిన్రు, తినబెట్టిన్రు. పొయ్యనోణ్ణి నేను. పొద్దుటి సంది ఒక్కడు నా దిక్కు రాలే."

కోటయ్య అన్నాడు: "ఏం చెయ్యమంటావు అన్నా?"

"నాతోని మళ్ల రాన్రి. ఇంటింటికి. లక్ష్మయ్య పొయ్యలే అని చెప్పున్రి. నేను పక్కన నిలబడి ఇంట."

బస్సుకు గంట టైముంది. కోటయ్య నా వైపు చూశాడు, నేను కోటయ్య వైపు చూశాను. మళ్లీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాం.

రెండో విడత మాటలు తక్కువ. "లక్ష్మయ్య పొయ్యలేదు," అంటే ఇంటివాళ్లు నేల చూసేవాళ్లు. తరవాత లక్ష్మయ్యను పత్తి ఎంత వరకు ఏరావనో, ఎద్దు కుంటు తగ్గిందా అనో అడిగేవాళ్లు. ఆయన జవాబు చెప్పేవాడు. తరవాత గ్లాసులు వచ్చేవి, ఈసారి మూడు. వద్దంటే ఊరుకోరు. చెంబుతో పోసి ఉండొచ్చన్నాయన మాత్రం ఇంట్లోకి వెళ్లి, రెండు కోడిగుడ్లు తెచ్చి లక్ష్మయ్య చేతిలో పెట్టాడు. లక్ష్మయ్య వాటిని ఎండకెత్తి చూసి జేబులో వేసుకున్నాడు. మిగతా ఇళ్లన్నీ ఒక చెయ్యి జేబు మీద పెట్టుకునే తిరిగాడు.

బస్సు పోయింది. ఆ రాత్రి లక్ష్మయ్య ఇంట్లో పడుకున్నాం. ఆయన భార్య అన్నం తినమంటే కోటయ్య చేతులు జోడించాడు.

తిరుగు ప్రయాణం, ఆ తరవాత

నాలుగో రోజు పొద్దున సమ్మక్క, ముందురోజు కోటయ్య దగ్గర తీసేసుకున్న సీసా తెచ్చి నాకిచ్చింది. ముప్పై నాలుగు వానపాములు అందులోనే ఉన్నాయి. "సచ్చినయే గదా మీకు కావల్సింది. తీస్కపోన్రి. బతికినయి ఇయ్యం." క్యాన్‌లో మిగిలిన ఫార్మలిన్ ఊరి పొలిమేర దాటేదాకా ఇద్దరు ఆడవాళ్లు మా వెనకే నడిచి వచ్చారు. వెళ్లేముందు నేను అడిగితే వేపగింజల లెక్క, మిరప వెల్లుల్లి లెక్క చెప్పింది సమ్మక్క. నా టిక్కెట్టు వెనక రాసుకున్నాను.

మా పిల్లలు బాగానే కోశారు. తనిఖీ బృందం వచ్చింది. పెద్దాయన ఒక ట్రే దగ్గర ఆగి, కడుపులో ఇంత మట్టి ఉందేమిటని అడిగాడు. వానపాము తినేది మట్టే సార్ అని మా క్లాసు అమ్మాయి ఒకతి చెప్పింది. వెరీ గుడ్ అని, చేతులు కడుక్కోవడానికి నీళ్లెక్కడున్నాయో అడిగి వెళ్లిపోయాడు. మా గ్రూపు నిలిచింది. మొత్తం రెండు నిమిషాలు పట్టింది.

ఇంట్లో మా ఆవిడకు ఈ కథంతా చెప్పాను. ఇరవైమూడు ఇళ్ల దగ్గర పడీ పడీ నవ్వింది. నవ్వు ఆపాక, "మన మూడెకరాలకు వెంకట్రావు ఈ ఏడు ఎన్నిసార్లు కొట్టాడు?" అంది. తెలియదన్నాను. "దానికి మనం ఎన్ని ఇళ్లు తిరగాలి?" అంది.

ఆ ఆదివారం వెంకట్రావు ఇంటికి వెళ్లాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, జీడిచెలకలో జరిగిందంతా చెప్పాను. కాఫీ ఇచ్చి, శ్రద్ధగా విన్నాడు.

"బాగుంది సార్. మరి పొద్దున లేస్తే పచ్చపురుక్కి ఏం కొట్టమంటారు?"

టిక్కెట్టు తీసి చదివాను. వెల్లుల్లి దగ్గరే అతనికి నవ్వొచ్చింది. అయినా కాసేపు పొలం వైపు చూసి, "అరెకరం చూద్దాం," అన్నాడు. "కానీ దంచడానికి నాకు మనుషులు లేరు. మీరొచ్చి దంచితే కొడతాను."

నిన్న మూడు కిలోల పచ్చిమిరపకాయలు దంచాను. ఉప్పు రాసుకున్నా, మజ్జిగలో ముంచినా, కొబ్బరినూనె పూసినా చేతులు మండుతూనే ఉన్నాయి. కలం పట్టుకోవడం కష్టంగా ఉంది. వెంకట్రావు వచ్చే వారం మళ్లీ రమ్మన్నాడు.